మేడక్క కట్టిన పైఅంతస్తు

మేడక్కను రెచ్చగొట్టడానికి పెద్దగా కష్టపడక్కర్లేదు. ఆవిడ ముందు నిలబడి, "ఎంతైనా ‘సొరంగం’ మొదటి భాగం కన్నా రెండోదే బాగుంటుంది కదండీ" అంటే చాలు. అప్పటిదాకా టీ తాగుతూ నింపాదిగా మాట్లాడుతున్న మనిషి గ్లాసు పక్కన పెట్టేస్తుంది. కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసేస్తుంది. ఇక మీకు వేరే పనులేమైనా ఉంటే వాటి సంగతి ఆ పూటకి మర్చిపోవాల్సిందే.

‘సొరంగం’ అంటే కంప్యూటర్లో ఆడే తుపాకీ ఆట. ఆడేవాడు తెర మీద కనపడడు. తెర అడుగున ఒక తుపాకీ, దాన్ని పట్టుకున్న రెండు చేతులు, అంతే. ఆ చేతులు మనవే అనుకోవాలి, చూసే కళ్ళూ మనవే అనుకోవాలి. గదుల్లోంచి గదుల్లోకి పరిగెత్తుతూ ఎదురొచ్చినవాణ్ణి కాల్చుకుంటూ పోవాలి. మొదటి భాగం వచ్చిన కొన్నేళ్ళకి రెండో భాగం వచ్చింది. తెలిసినవాళ్ళు ముందుదాన్ని ‘ఒకటి’ అనీ, తర్వాతదాన్ని ‘రెండు’ అనీ అంటారు. ఏది గొప్పదన్న దగ్గర మాత్రం ఒకే కంచంలో తినేవాళ్ళు కూడా మాటలు మానేస్తారు.

మేడక్కను చూస్తే ఇలాంటి ఆటలాడే మనిషని ఎవరూ అనుకోరు. బొద్దింక కనపడితే కుర్చీ ఎక్కుతుంది. లారీ మీద దూరాలు తిరిగే మొగుడు ఫోన్ చేసినప్పుడల్లా, "ఇవాళ ఎంతమందిని చంపావే?" అని అడుగుతాడు. "ఎవర్నీ చంపలేదు. ఒక గోడ కట్టాను" అంటుంది. అదే నిజం. ఆవిడకి కాల్చడం మీద ఎప్పుడూ మోజు లేదు. ఆవిడ మోజంతా గోడల మీదే.

ఆవిడ పని ఇళ్ళ ప్లాన్లు గీయడం. వీధి మలుపులో ఉన్న ఇంజినీరుగారి ఆఫీసులో కిటికీ పక్క బల్ల ఆవిడది. కంప్యూటర్లు రాకముందు ట్రేసింగ్ కాగితం మీద గీసేది. ముందు కింది అంతస్తు. దాని మీద ఇంకో పల్చటి కాగితం పరిచి పైఅంతస్తు. కింద గోడ ఎక్కడుంటే పైన గోడ అక్కడే రావాలి. లేకపోతే ఇల్లు నిలబడదు. గీసేది ఆవిడ, సంతకం ఇంజినీరుగారిది. ఇందులో అన్యాయమేమీ లేదు, లోకమంతా అలాగే నడుస్తోంది. కాకపోతే ఆ చుట్టుపక్కల వీధుల్లో ఆవిడ గీసిన ఇళ్ళు వరసగా ఉన్నాయి గానీ, ఫలానా ఆవిడ గీసిందని ఒక్క గుమ్మం దగ్గరా ఎవరూ చెప్పుకోరు. దానికి బాధ లేదని ఆవిడ అంటుంది. ఆ మాట మనం నమ్మక్కర్లేదు.

తమ్ముడు అదే వీధిలో గేమ్ సెంటర్ పెట్టిన కొత్తలో మధ్యాహ్నంపూట వాడికి అన్నం డబ్బా ఇచ్చి రావడానికి వెళ్ళేది. పొడుగ్గా, ఇరుకుగా ఉండే గది. రెండు గోడల వెంటా కంప్యూటర్లు, వీపులు వీపులు తగిలేలా కుర్చీలు. ఎండాకాలం లోపల అడుగు పెడితే రొట్టెల బట్టీలోకి వెళ్ళినట్టుండేది. ఒకరోజు ఎవరో ఆడుతూ ఆడుతూ దారి తప్పి ఒక మీట నొక్కాడు. తుపాకీ పోయింది. నల్లటి తెర మీద సన్నటి గీతలు వచ్చాయి. గదులు, నడవాలు, తలుపులు.

"ఒరే, ఇది ప్లాన్ కదరా!" అంది, డబ్బా చేతిలోనే పట్టుకుని.

"మ్యాప్ అంటారక్కా."

"ఏదన్నా అను. ఎవడు గీశాడో గానీ ఈ గదికి గాలీ వెలుతురూ లేవు. ఈ తలుపు ఇటు పెట్టుంటే నడవా కలిసొచ్చేది."

తమ్ముడు నవ్వి, "అంత బాధగా ఉంటే నువ్వే గీయి" అన్నాడు. ఆట డిస్కులోనే మ్యాపులు గీసుకునే సాఫ్ట్‌వేర్ కూడా ఉండేది. ఏదో ఎకసెక్కానికి దాన్ని తెరిచి చూపించాడు. అది ఎంత దూరం పోతుందో పాపం వాడికప్పుడు తెలీదు. అన్నం చల్లారిపోయింది. ఆఫీసు నుంచి మనిషి వెతుక్కుంటూ వచ్చాడు.

సాయంత్రాలు అక్కడే కూర్చుని ఒక ఇల్లు గీసింది. ముందు హాలు, దాని వెనక వంటిల్లు, ఆ వెనక పెరడు. గీస్తూ గీస్తూ ఒక చోట ఆగిపోయింది. ‘ఒకటి’కి ఒక లోటుంది. ఎత్తులు పెట్టొచ్చు, పల్లాలు పెట్టొచ్చు, మెట్లు కట్టొచ్చు. కానీ ఒక గది నెత్తిన ఇంకో గది పెట్టడం కుదరదు. ఆట తయారుచేసినవాళ్ళకే కుదర్లేదు. వాళ్ళు కట్టిన కోటలన్నీ చూడ్డానికి ఎంత ఘనంగా ఉన్నా, ఒక్కదానికీ పైఅంతస్తు లేదు.

"కుదరకపోవడమేంట్రా? మేడ లేకుండా ఇల్లేంటి?" అని తమ్ముడి మీద ఇంతెత్తున లేచింది, ఆ ఆట వాడే తయారుచేసినట్టు.

తర్వాత ఆవిడ చేసింది ఇది. హాలు మూల నుంచి మెట్లు పైకి లేపింది. సగం దూరంలో ఒక మలుపు, వెంటనే ఇంకో మలుపు, అక్కడ దీపం పెట్టకుండా చీకటి. ఆ చీకట్లో తిరిగేసరికి మనిషికి దిక్కు తెలియదు. మెట్లెక్కి హాలు మీదికి వచ్చాననుకుంటాడు. నిజానికి హాలు పక్కకి వెళ్ళిపోయి ఉంటాడు. అక్కడ ఎత్తుగా ఒక దిమ్మ, దిమ్మ మీద గదులు, ఒక పక్కంతా పొడుగాటి కిటికీ. కిటికీలోంచి చూస్తే కింద పెరడు కనిపిస్తుంది. మీట నొక్కి ప్లాన్ చూసినా దొరక్కుండా ఆ గీతల్ని మాయం చేసింది. ‘ఒకటి’లో తలెత్తి చూడ్డం కుదరదు కాబట్టి పెరట్లోంచి చూసినవాడికీ తేడా తెలియదు.

ఆ మెట్లు మొదట ఎక్కినవాడు పక్క వీధి కళ్ళజోళ్ళ షాపాయన. ఊళ్ళోవాళ్ళ చూపు సరిచేసే మనిషి. పరిగెత్తుతూ ఎక్కి, కిటికీ దగ్గరికి వచ్చి, కింద పెరడు చూసి, మౌసు వదిలేశాడు.

"ఇదేంటి? నేను పైనున్నానా?"

సెంటర్లో ఆడేవాళ్ళంతా ఆటలాపేసి ఆయన వెనక చేరారు. ఒక్కొక్కరే మెట్లెక్కారు. ఒక్కొక్కరే నోళ్ళు వెళ్ళబెట్టారు. ఎలా చేశావంటే చెప్పలేదు. తమ్ముడికి కూడా చెప్పలేదు. ఆ వేళ నుంచి ఆవిడ మేడక్క. ఆవిడకన్నా పెద్దవాడైన కళ్ళజోళ్ళాయన కూడా మేడక్కా అనే పిలుస్తాడు. ఆ ఇల్లు తెర మీదికి వచ్చే ముందు "కట్టినది: మేడక్క" అని తెల్లటి అక్షరాలు వస్తాయి. ఆఫీసులో సంతకం లేకపోతేనేం, ఇక్కడుంది. ఆ అక్షరాలు వచ్చిన ప్రతిసారీ ఆవిడ మొహం చేటంత అయ్యేది, దాచుకునేది కూడా కాదు.

అలా కొన్నేళ్ళు నడిచాక ‘రెండు’ వచ్చింది.

వచ్చీరాగానే సెంటర్ రెండుగా చీలింది. ‘రెండు’ పక్షానికి కళ్ళజోళ్ళాయన పెద్ద. ‘ఒకటి’ పక్షానికి మేడక్క. వాళ్ళిద్దరి వాదన వినడానికే కొందరు వచ్చేవాళ్ళు, ఆటకి కాదు.

"‘ఒకటి’లో శత్రువు అట్టముక్కలా ఉంటాడు మేడక్కా. వాడి చుట్టూ ఎటు తిరిగినా మొహమే చూపిస్తాడు. ‘రెండు’లో వాడికి వీపుంది."

"వీపు చూసి ఏం చేస్తారు? గోకుతారా?"

"‘రెండు’లో తలెత్తితే ఆకాశం కనిపిస్తుంది."

"తుపాకీ పట్టుకున్నవాడికి ఆకాశమెందుకండీ? ‘ఒకటి’లో కాలు పెడితే జారుకుంటూ పోతాం. ‘రెండు’లో మనిషి నీళ్ళ బిందె మోస్తున్నట్టు నడుస్తాడు."

"దాన్ని బరువంటారు. నిజం మనిషికి బరువుంటుంది."

"నా బరువు నాకు తెలుసు, ఆట కూడా చెప్పాలా?"

అందరూ నవ్వేవాళ్ళు. కానీ ఆయన అసలు మాట చివర్న తీసేవాడు. "‘రెండు’లో గది మీద గది కట్టొచ్చు మేడక్కా. పైన ఎవరైనా నడిస్తే కింద ఉన్నవాడికి అడుగుల చప్పుడు వినిపిస్తుంది. పెద్ద తుపాకీతో కాలిస్తే పైకప్పు కూడా పగులుతుంది. ఇంతకన్నా ఏం కావాలి?"

ఈ మాటకి మాత్రం మేడక్క, "అందరూ కట్టగలిగితే అందులో గొప్పేముంది" అనేసి లేచిపోయేది. దారిలో ఆ మాటే తిరిగొచ్చి ఆవిడకే గుచ్చుకునేది. అందరూ మేడలు కట్టేస్తే, ఇంక మేడక్క ఎవరు? ఏ పనికైతే తనకా పేరొచ్చిందో ఆ పనిని ‘రెండు’ చిన్నపిల్లల ఆట చేసేసింది. ఆవిడ కోపమంతా అక్కడుంది. వీపులూ ఆకాశాలూ వట్టి సాకులు.

ఇలా ఉండగా రైలు పట్టాల అవతలి గేమ్ సెంటర్ వాళ్ళు పందేనికి పిలిచారు. ఆట ‘రెండు’. ఎవరి మ్యాప్ వాళ్ళు కట్టుకు రావాలి, రెండు మ్యాపుల్లోనూ ఆడాలి. మ్యాపులో తేడా ఉంటే తెచ్చినవాళ్ళు ఓడినట్టే. ఇటు జట్టుకి నాయకురాలు మేడక్క కూతురే. పగలు పళ్ళ డాక్టరు దగ్గర పని, సాయంత్రం మామయ్య సెంటర్లో గురి. ఆ అమ్మాయి చెయ్యి ఎంత నిలకడో, నోరంత దురుసు.

తమ్ముడు టీ తెప్పించి మరీ అడిగాడు. "అక్కా, నీ ఇల్లు ‘రెండు’లోకి తీసుకురావాలి. ఇంకో మాట కూడా... ఈ పందెం అయ్యాక ‘ఒకటి’ తీసేద్దామనుకుంటున్నా. నువ్వూ ఇంకో నలుగురూ తప్ప ఎవరూ ఆడట్లేదు."

మేడక్క టీ తాగకుండానే గ్లాసు పక్కన పెట్టేసింది. పైకి మాత్రం, "నీ సెంటరు, నీ ఇష్టం" అంది. ఆ ఇల్లు ‘రెండు’లో నిలబడితే సరే. నిలబడకపోతే, ఇన్నేళ్ళు మేడక్కా మేడక్కా అని పిలిపించుకున్న పేరు ‘ఒకటి’తో పాటు చెత్తబుట్టలోకి పోతుంది. విషయం అంతే.

‘రెండు’ మ్యాపుల సాఫ్ట్‌వేర్ పాత మ్యాపుల్ని కూడా తెరుస్తుంది. తన ఇల్లు అందులో తెరుచుకోగానే ఏడుపొచ్చినంత పనైంది. అదే హాలు, అదే మెట్లు. ఇక పట్టిన పట్టు వదల్లేదు. ఆఫీసు పని అయ్యాక అక్కడి కంప్యూటర్లోనే కూర్చుని ఇంటిని సింగారించింది. గచ్చుకి పలకలు పరిచింది. గోడకి స్విచ్చులు పెట్టింది. వంటింటి కిటికీలోంచి ఎండ ఏటవాలుగా పడేలా చేసింది. పెరట్లో బట్టల తీగ కట్టి దాని మీద ఒక తువ్వాలు ఆరేసింది. మెట్ల చీకట్లో తీరిగ్గా ఒక చిన్న దీపం కూడా పెట్టింది. తను ఒక్కతే లోపల తిరిగి చూసుకుంది, పదే పదే. ఎక్కడా వంక లేదు.

పందెం రోజు పట్టాల అవతలివాళ్ళు వచ్చారు. వాళ్ళ నాయకురాలు అంబులెన్సు నడిపే ఆవిడ. పొట్టిగా, గట్టిగా, ఎవరి మొహమూ చూడకుండా నేరుగా కుర్చీలోకి వెళ్ళి కూర్చునే రకం. మొదటి ఆట వాళ్ళ మ్యాపులో. మేడక్క కూతురి జట్టు దాన్ని దులిపి పారేసింది. సెంటర్ దద్దరిల్లింది. తర్వాత గోడ మీద పెద్ద తెర మీద తెల్లటి అక్షరాలు వచ్చాయి. "కట్టినది: మేడక్క." తమ్ముడు కాలరెగరేశాడు. మేడక్క గోడకి ఆనుకుని నిలబడింది, చేతులు కట్టుకుని, ఏమీ పట్టనట్టు.

ఇల్లు చూసి అవతలి జట్టువాళ్ళు ఈల వేశారు. తువ్వాలు చూసి ఎవరో నవ్వారు. ఆట మొదలైంది. కూతురు మెట్లెక్కి పైగదిలోకి వెళ్ళింది. అంబులెన్సావిడ హాల్లోకి వచ్చి నిలబడింది, కదల్లేదు. హెడ్‌ఫోన్ చేత్తో అదుముకుని వింటోంది. ‘రెండు’లో ఆరితేరినవాళ్ళు అలాగే వేటాడతారు. పైన అడుగుల చప్పుడు పట్టుకుని, దాని కిందికి చేరి, పైకప్పు పగలగొడతారు.

ఆవిడకి ఏ చప్పుడూ వినపడలేదు.

"వైరు చూడండి, చప్పుడు రావట్లేదు" అంది. తమ్ముడు వైరు చూశాడు, బాగానే ఉంది. హెడ్‌ఫోన్ మార్చాడు. కూతురు పైన చిందులు తొక్కినా కింద చీమ చిటుక్కుమనలేదు. అంబులెన్సావిడకి విసుగెత్తింది. పెద్ద తుపాకీ తీసి హాలు పైకప్పుని ఒక్క దెబ్బ కొట్టింది. కప్పు పగిలింది. పెద్ద తెర మీద అందరూ తలెత్తి చూశారు.

పైన గది లేదు. నల్లటి శూన్యం తప్ప ఇంకేమీ లేదు.

"మేడం, పైన ఏమీ లేదండీ!" అంది అంబులెన్సావిడ, మొదటిసారి కుర్చీలో వెనక్కి తిరిగి.

అప్పుడు తెలిసింది మేడక్కకి తను చేసిందేమిటో. పాత ఇల్లు తెరిచినప్పుడు పైఅంతస్తు అక్కడే ఉంది కదా అనుకుంది. గచ్చు వేసింది, స్విచ్చులు పెట్టింది, దీపం పెట్టింది. కానీ దాన్ని హాలు పక్క నుంచి ఎత్తి హాలు మీద పెట్టలేదు. పెట్టాలన్న సంగతే తోచలేదు. ఎందుకంటే ఇన్నేళ్ళుగా ఆ మెట్లెక్కి ఎక్కి, అది పైనే ఉందని ఆవిడా నమ్మేసింది. పదిమందిని నమ్మించడానికి అల్లిన అబద్ధానికి మొట్టమొదట పడిపోయింది తనే. ఆఫీసులో కాగితం మీద కాగితం పరిచి వెంట్రుకవాసి తేడా రానివ్వని మనిషి!

ఒక్కొక్కరే నవ్వడం మొదలెట్టారు. మేడక్కకి తల కొట్టేసినట్టయింది. కళ్ళజోళ్ళాయన మాత్రం నవ్వలేదు. లేచి వచ్చి ఆవిడ ముందు నిలబడ్డాడు.

"మేడక్కా, నిజం చెప్పండి. ‘ఒకటి’లో కూడా ఇంతేనా? పైన ఏమీ లేదా?"

నీళ్ళు నమలడం ఆవిడకి చేతకాదు. "లేదండీ. అది హాలు పక్కనుంటుంది. చీకట్లో రెండు మలుపులు తిప్పాను."

"అంటే ఇన్నేళ్ళూ నేను పక్కకి వెళ్ళి వస్తున్నానా? రోజూ? కళ్ళజోడు పెట్టుకుని మరీ?"

"అవునండీ."

ఆయన గట్టిగా ఊపిరి పీల్చి, చుట్టూ ఉన్నవాళ్ళకేసి తిరిగి, "విన్నారా!" అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు. తన ఇంట్లో మనిషికి బహుమతి వచ్చినట్టుంది.

అంబులెన్సావిడ మంచి మనిషే. "నియమం ప్రకారం మీరు ఓడినట్టే. కానీ ఇలా గెలిచి పోవడం మాకూ బాగుండదు. టీ తాగొస్తాం, ఈలోగా సరిచెయ్యండి. ఆడదాం" అంది.

మేడక్క కూర్చుంది. పెద్ద తెర మీద అందరూ చూస్తుండగా ప్లాన్ తెరిచింది. పైఅంతస్తు మొత్తాన్నీ పట్టుకుని లాక్కొచ్చి హాలు మీద పెట్టింది. పెట్టి, నోటికి చెయ్యడ్డం పెట్టుకుంది. కింది ఇంటికన్నా పై ఇల్లు పెద్దది! ఒక గది గదంతా గాల్లో వేలాడుతోంది, కింద గోడ లేదు, స్తంభం లేదు, అలా వదిలేస్తే మళ్ళీ మ్యాపులో తేడా ఉన్నట్టే. పొడుగాటి కిటికీ ఉన్న గది అది. ఇంజినీరుగారు గనక చూస్తే కాగితం మొహాన కొట్టేవాడు.

ఎందుకలా గీసిందో ఆవిడకి తెలుసు. ఆఫీసులో ప్రతి ఇంటికీ కొలతలు అడ్డం. ఇంత స్థలంలో ఇన్ని గదులు ఇరికించాలి, కిటికీ పెట్టబోతే అవతలివాడి గోడ. ‘ఒకటి’లో దిమ్మ మీద దేని మీదా ఆనక్కర్లేకుండా గీసినప్పుడు, ఇన్నేళ్ళూ ఎవరికీ ఇవ్వలేకపోయిన చోటంతా ఆ ఒక్క గదికి ఇచ్చేసింది.

కూతురు భుజం మీదుగా వంగింది. "అమ్మా, ఆ కిటికీ గది కోసెయ్యి. మిగతాదంతా సరిగ్గా కూర్చుంటుంది. నిమిషంలో పని."

నిజమే. మేడక్క ఆ గది చుట్టూ గీత గీసింది. గీతలన్నీ ఎర్రబడ్డాయి. చెరిపే మీట మీద వేలు పెట్టింది. ఆవిడ వేలు అక్కడే ఉంది. తర్వాత తీసేసి ఒళ్ళో పెట్టుకుంది.

"కొయ్యను."

"అమ్మా, కోస్తే గెలుస్తాం!"

"తెలుసే. కానీ కోస్తే అది ఈ ఇల్లు కాదు. ఇది ‘ఒకటి’ ఇల్లు. అక్కడ దొంగదారిలో కట్టాను, అక్కడే నిలబడింది. దీన్ని కోసి, అతికి, ఇదే అది అని నలుగురికీ చూపించలేను. ‘రెండు’లో నా ఇల్లు నేనింకా కట్టలేదు, అంతే. కోప్పడితే పడు."

కూతురు పళ్ళు కొరికింది. తర్వాత మెళ్ళో హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టి, టీ గ్లాసులతో గుమ్మంలో నిలబడ్డవాళ్ళకేసి తిరిగింది. "మేం ఓడిపోయామండీ. మా అమ్మ ఇల్లు కొయ్యదట" అంది. ఆ చెప్పడంలో ఎంత దర్జా ఉందంటే, కొత్తవాళ్ళెవరైనా వింటే గెలిచింది వీళ్ళే అనుకునేవాళ్ళు.

అంబులెన్సావిడ గ్లాసు కింద పెట్టింది. "గెలుపు మాదే, సరే. దాని సంగతి తర్వాత. ముందు ఆ ‘ఒకటి’ పెట్టండి. ఆ మెట్లు నేనెక్కాలి."

తమ్ముడు అన్ని కంప్యూటర్లలోనూ ‘ఒకటి’ పెట్టాడు. ఇటువాళ్ళూ అటువాళ్ళూ కలిసిపోయి కూర్చున్నారు. తువ్వాలు లేదు, పలకలు లేవు, స్విచ్చులు లేవు. మొద్దు గోడలు, మోటు రంగులు. అంబులెన్సావిడ హాలు మూలకి వెళ్ళి మెట్ల మొదట్లో ఆగింది. మలుపు ఎక్కడ మోసం చేస్తుందో పట్టుకోవాలని నెమ్మదిగా ఎక్కింది. మొదటి మలుపు దగ్గర ఆగి అటూ ఇటూ చూసింది. రెండో మలుపు తిరిగింది. గదిలోకి వచ్చింది. ఆ వెడల్పంతా దాటుకుంటూ కిటికీ దగ్గరికి నడిచింది. కింద పెరట్లో ఎవరో అడ్డం పరిగెత్తారు.

"ఒరేయ్, పెరట్లో ఉన్నాడు, వంటింటి వైపు వస్తున్నాడు!" అని తన జట్టువాడికి అరిచింది. "నువ్వు కింద చూసుకో, నేను పైనున్నా!"

సెంటర్లో ఒక్కరూ నవ్వలేదు. ఎవరికీ అందులో నవ్వాల్సింది కనపడలేదు. అక్కడున్న ప్రతివాడికీ తెలుసు అది పైన కాదని. అందరికన్నా బాగా ఆవిడకే తెలుసు, కప్పు పగలగొట్టి చూసింది ఆవిడే. అయినా తల కిందికి వంచి చూస్తోంది, పైనుంచి చూసేవాళ్ళు చూసినట్టు. కళ్ళజోళ్ళాయన ఆ పెరట్లో దాక్కుని, "మేడ మీదినుంచి కొడుతున్నారు, లోపలికి పదండి!" అని అరుస్తున్నాడు. మేడక్క గోడకి ఆనుకుని అదంతా వింది. ఒళ్ళు పులకరించింది. తెలియనివాణ్ణి నమ్మించడం ఒక ఎత్తు. తెలిసినవాళ్ళు కూడా మెట్లెక్కగానే మర్చిపోతున్నారంటే, అది తను కట్టిన మేడే, దాన్ని కాదనే మొనగాడు లేడు. ఆవిడ అలాగే అనుకుంది, ఆ మాటల్తోనే. సిగ్గు పడలేదు.

ఆటలు అయ్యేసరికి సాయంత్రమైంది. ఓడిపోయినందుకు తమ్ముడే అందరికీ మళ్ళీ టీ పోయించాడు. ‘ఒకటి’ తీసేస్తానన్న మాట వాడు ఎత్తలేదు, ఎవరూ గుర్తు చెయ్యలేదు. కళ్ళజోళ్ళాయన ఇప్పటికీ ‘రెండే’ గొప్పదంటాడు. కాకపోతే చివర్న, "ఆ ఒక్క ఇల్లు తప్ప" అని కలుపుతాడు.

వెళ్తూ వెళ్తూ అంబులెన్సావిడ గుమ్మం దగ్గర ఆగింది. "మరి ‘రెండు’లో మీ ఇల్లు ఎప్పటికవుతుంది?"

"ఎప్పటికో. ఈసారి కింద గోడ మీదే పైగోడ రావాలి. అయినా ఆ కిటికీ గదికి చోటు మిగలాలి. చూడాలి ఎలా కుదురుతుందో."

"మీకు కుదురుతుంది. అయ్యాక ముందు మమ్మల్నే పిలవాలి" అంది ఆవిడ చెప్పులేసుకుంటూ. "ఉంటాను, మేడక్కా."